విదేశీ టెండరు చర్చలకు బయలుదేరే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

అమెరికా, దాని మిత్రదేశాలు ఇతరుల ఫోన్లు, సందేశాలను చాటుగా వినే ఎషెలాన్ నిఘా వ్యవస్థపై విచారణ జరిపిన యూరోపియన్ పార్లమెంటు, కంపెనీలు తమ సందేశాలను ఎన్‌క్రిప్ట్ చేసుకోవాలని (ఇతరులు చదవలేని సంకేత రూపంలోకి మార్చుకోవాలని) 2001లోనే కోరింది.

• అసలు ధరల పట్టిక ఉన్న లాప్‌టాప్‌ను ఆఫీసులోనే వదిలి, అవసరమైన ఫైళ్లు మాత్రమే ఉన్న మరొకదాన్ని డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి తీసుకువెళ్లండి. సరిహద్దు తనిఖీకి ముందు దాన్ని పూర్తిగా ఆపివేయండి. స్లీప్‌లో ఉంచితే ఎన్‌క్రిప్షన్‌ను విప్పే తాళంచెవి మెమరీలోనే మిగిలి ఉంటుంది.

• తయారీదారు పేరు చూసి ఎన్‌క్రిప్షన్ పరికరాన్ని నమ్మకండి. స్విట్జర్లాండ్‌కు చెందిన ఎన్‌క్రిప్షన్ యంత్రాల కంపెనీ క్రిప్టో ఏజీని అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ, పశ్చిమ జర్మనీ గూఢచారి సంస్థ కలిసి 1970 నుంచి రహస్యంగా సొంతం చేసుకుని, దాని యంత్రాలు కొన్న ప్రభుత్వాల సందేశాలను ఏళ్ల తరబడి చదివాయని 2020లో వెల్లడైంది; నమ్మి డబ్బు చెల్లించినవారికి ఇంతకన్నా పెద్ద ద్రోహం ఉండదు.

• చివరి ధరను ఫోనులో చెప్పకండి. మామూలు కాల్‌ను ఇతరులు వినవచ్చు; మాటలను ఎన్‌క్రిప్షన్ దాచినా, ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్నది తెలిసిపోవచ్చు.