డార్క్ కామెడీ అడ్వెంచర్ కామిక్ ఎలా చేయాలి?

చావు మీద జోకు రాయడం పెద్ద పనేం కాదు. దాన్ని ఏ పేజీలో పెట్టాలన్నదే అసలు పని. కొత్తవాళ్ల కామిక్స్ చూస్తే బొమ్మలు బాగుంటాయి, మాటలు బాగుంటాయి, నవ్వు మాత్రం రాదు. ఎందుకు రాదో కింద చెబుతాను.

సామాన్లు: ఏ4 కాగితాలు, పెన్సిల్, నల్ల ఇంకు పెన్ను, స్కేలు, స్టేప్లర్. రంగులు వద్దు. నెత్తురు ఎర్రగా కనిపిస్తే నవ్వు రాదు, కడుపులో తిప్పుతుంది.

కథ: నిధి కోసం బయలుదేరిన ఇద్దరు ఆశపోతులు, దారి చూపే గైడు ఒకడు. ముగ్గురికి మించి వద్దు. నిడివి 24 పేజీలు. అమెరికన్ సంచికల్లో కథ 20, 22 పేజీలే కదా అంటారు. అక్కడ మిగతా చోటు ప్రకటనలు నింపుతాయి, మీకు ప్రకటనలు ఎవరిస్తారు? మధ్యలో పిన్ను కొట్టే పుస్తకంలో పేజీలు నాలుగేసి చొప్పునే పెరుగుతాయి. కాబట్టి 24.

నమూనా: ఆరు ఏ4 కాగితాలు ఒకదానిమీద ఒకటి పెట్టి సగానికి మడిచి, మడత మీద పిన్ను కొట్టండి. పేజీలకు నంబర్లు వేయండి. ఒకటో పేజీ కుడివైపు వస్తుంది. ఆ తర్వాత సరి సంఖ్యలన్నీ ఎడమకు, బేసి సంఖ్యలన్నీ కుడికి.

ఇక అసలు చోటికి వచ్చాం. ఇక్కడ తొందరపడకండి.

పుస్తకం తెరవగానే కన్ను రెండు పేజీలనూ ఒకేసారి చూసేస్తుంది. గైడు ఆరో పేజీలో మాట అని, దాని ఫలితం పక్కనే ఏడో పేజీలో ఉంటే, మాట చదవకముందే శవం కనిపిస్తుంది. జోకు అక్కడే పోయింది. అందుకే ఊరించే మాట ఎప్పుడూ కుడి పేజీ చివరి గడిలో ఉండాలి. దాని ఫలితం, అంటే దెబ్బ, ఎడమ పేజీ మొదటి గడిలో పడాలి. ఆ రెంటి మధ్యా పాఠకుడి వేలు కాగితం తిప్పాలి.

ఉదాహరణకు ఏడో పేజీ చివర ఒక పాత తాళ్ల వంతెన. ఆశపోతు ఒకడు కాలు పెట్టడానికి జంకుతుంటాడు. గైడు ధీమాగా అంటాడు: "భయం లేదు సార్, మా తాత కూడా దీని మీదే పోయాడు." పేజీ తిప్పితే లోయ అడుగున అస్థిపంజరం, దాని పుర్రెకు గైడు కట్టుకున్నలాంటి తలపాగా. అంతే. ఎవరూ కెవ్వుమనకూడదు, ఎవరూ జోకు విడమర్చకూడదు. తర్వాతి గడిలో రెండో ఆశపోతు, "మధ్యాహ్నం భోజనం సంగతేంటి?" అనాలి. ఆ నిర్లక్ష్యంలోనే సగం నవ్వు ఉంది.

అంతా కుదిరాక మధ్యలో ఒక్క పేజీ చేర్చారంటే, అక్కడి నుంచి ఊరింపులన్నీ ఎడమకు, దెబ్బలన్నీ కుడికి మారిపోతాయి. చేరిస్తే రెండు చేర్చండి, మొత్తం 24 దాటకుండా ఇంకోచోట రెండు తీసేయండి. స్నేహితుడి షాపు ప్రకటన అయినా సరే, లోపల వద్దు, వెనక అట్ట మీద వేయండి. ఇలాంటి దెబ్బలు పుస్తకం మొత్తంలో నాలుగైదు చాలు. ప్రతి మలుపులోనూ ఒకడు చస్తుంటే పాఠకుడు ముందే సిద్ధమైపోతాడు.

ఫోన్‌లో ఒక్కో పేజీయే కనిపిస్తుంది కదా, ఈ గొడవంతా ఎందుకు అని అడిగేవాళ్లున్నారు. కాగితానికి సరిపోయింది ఫోన్‌కూ సరిపోతుంది. ఫోన్ కోసం చేసింది కాగితం మీద తేలిపోతుంది.

తర్వాత పెన్సిల్, ఇంకు మామూలే. మాటలు మాత్రం బొమ్మ కంటే ముందు రాయండి. పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి తెలుగు వరుసల మధ్య చోటు ఎక్కువ కావాలి. బొమ్మ అయ్యాక మాటల బుడగ ఇరికిస్తే అది హీరో ముక్కు మీదకు ఎక్కుతుంది.

మాటలు కంప్యూటర్లో టైపు చేస్తే, ప్రెస్సుకు ఫాంట్లు లోపలే ఉన్న పీడీఎఫ్ ఇవ్వండి. లేకపోతే అక్కడి కంప్యూటర్లో మీ అక్షరాలు పిచ్చి గీతలవుతాయి. ముందు ఒక్క కాపీ వేయించుకుని, వంతెన ఏడో పేజీలోనే ఉందో లేదో చూశాకే మిగతావాటికి డబ్బు కట్టండి.