గొంతు పోకుండా రాక్ పాటలో జీర పలికించడం ఎలా?

రాక్, మెటల్ పాడాలనుకునే కుర్రాళ్లలో ఎక్కువమంది అరుపుతోనే మొదలుపెడతారు. విజయవాడ, గుంటూరు కాలేజీ ఫెస్టుల్లో ఏటా ఇదే చూస్తున్నాను. పాట అందుకోగానే మెడ నరాలు తాళ్లలా పొంగుతాయి, గడ్డం పైకి లేస్తుంది, రెండో పాటకే గొంతు బొంగురుపోతుంది. మూడో పాటను గిటార్ సోలో పొడిగించి నెట్టుకొస్తారు. జనం ఈలలు వేస్తారు కాబట్టి జరిగింది తప్పని ఎవరూ చెప్పరు.

అమెరికన్ మెటల్ గాయకుడు రోనీ జేమ్స్ డియో 1942లో పుట్టాడు. 2009లో, అరవై ఆరేళ్ల వయసులో విడుదలైన ఆల్బమ్‌లో కూడా ఆ గొంతులో జీర (గరగర) జీరగానే ఉంది, శ్రుతి శ్రుతిగానే ఉంది. జూడాస్ ప్రీస్ట్ బ్యాండ్ గాయకుడు రాబ్ హాల్ఫర్డ్ డెబ్బై దాటాక 2024లో కొత్త ఆల్బమ్ పాడాడు. గొంతు చించుకుని పాడేవాళ్లకు అన్నేళ్ల పాట ఉండదు. డియో, హాల్ఫర్డ్‌ల పద్ధతి ఒకటే: ముందు శుద్ధమైన స్వరం, దాని మీద పలుచగా జీర.

కావలసినవి: తంబూరా శ్రుతి వినిపించే యాప్ ఉన్న ఫోన్, ఇయర్‌ఫోన్స్, సగం నీళ్లు పోసిన గ్లాసు, ఒక స్ట్రా. అంతే. కరోకే ట్రాక్ వద్దు. దాని చప్పుడులో మన తప్పు మనకు వినపడదు. శ్రుతి ఒక్కటే మోగుతుంటే స్వరం వెంట్రుకవాసి జారినా తెలిసిపోతుంది.

మొదటి మెట్టు: వినడం

ముగ్గురిని వినండి, ఇదే వరుసలో. ముందు డియో. 1980లో బ్లాక్ సబ్బాత్ బ్యాండ్‌తో చేసిన రికార్డు చాలు. చాలాచోట్ల జీర మాట మొదట్లో గట్టిగా తగిలి, అచ్చు సాగేకొద్దీ పలుచబడుతుంది. చివర్లో మిగిలేది శుభ్రమైన స్వరం. చిన్నప్పుడు ట్రంపెట్ ఊదడం వల్లే తనకు ఊపిరి పట్టు వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు.

తర్వాత క్వీన్ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ. మన దేశంలోనే పంచగనిలో చదువుకున్నాడు, పియానో అక్కడే నేర్చుకున్నాడు. మామూలుగా మాట్లాడితే మంద్రమైన గొంతు, పాడితే తారస్థాయి. మెత్తగా పాడుతున్న వాక్యంలో ఒక్క మాటకు మాత్రం జీర ఇచ్చి వెంటనే మెత్తదనానికి వచ్చేస్తాడు. ఆ రావడాన్ని వినండి, వెళ్లడాన్ని కాదు.

చివరగా డీప్ పర్పుల్ బ్యాండ్‌లో ఇయాన్ గిలన్ 1970లో వేసిన కేకలు. వాటిని హార్మోనియం మీద పట్టి చూడండి, ఒక్కో కేక ఒక్కో మెట్టు మీద నిలబడి ఉంటుంది. కేకకు కూడా శ్రుతి ఉండాలన్న సంగతి మన ప్రాంతం వాళ్లకు కొత్త కాదు. తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాలు ఆడినవాళ్లు మైకుల్లేని రోజుల్లో చివరి వరుసకు వినపడేలా రాగం తీశారు. అలాంటి రంగస్థలం నుంచి వచ్చినవాడే మాధవపెద్ది సత్యం. 1957 నాటి మాయాబజార్‌లో ఘటోత్కచుడి పాట ఆయనదే. అంత గంభీరమైన గొంతులో ఎక్కడా బలవంతం వినపడదు. మెటల్ పాడేవాళ్లు ఆయన్ని వినకపోవడం నాకు నిజంగా బాధ.

రెండు, మూడు మెట్లు: వార్మప్, శుద్ధ స్వరం

స్ట్రా కొన నీళ్లలో ముంచి, బుడగలు వచ్చేలా ఊదుతూ కూనిరాగం తీయండి. కింద నుంచి పైకి, పై నుంచి కిందికి, ఐదు నిమిషాలు. తర్వాత మీకు హాయిగా ఉండే శ్రుతిలో "ఆ" పట్టి, గడ్డం ఎత్తకుండా పంచమం దాకా వెళ్లి రండి. స్వరం వణకకుండా పది సెకన్లు నిలబడేదాకా తర్వాతి మెట్టు జోలికి వెళ్లకండి. పొద్దున ఎనిమిది లోపు చేయండి, ఏసీ గదిలో చేయకండి.

నాలుగో మెట్టు: జీర

అందరూ గొంతు పోగొట్టుకునేది ఇక్కడే. దయచేసి నిదానంగా చదవండి.

పిల్లలకు కథ చెబుతూ రాక్షసుడి గొంతు పెడతాం కదా, అది చిన్నగా చేసి చూడండి. ఆ గరగర పుట్టేది ప్రధానంగా స్వరతంతువుల్లో కాదు. వాటికి కాస్త పైన మరో జత మడతలు ఉంటాయి. కింద తంతువులు శ్రుతి ఇస్తుంటే, పై మడతలు దగ్గరకు వచ్చి వదులుగా కదులుతాయి. ఫ్రెడ్డీ గొంతు మీద యూరప్ పరిశోధకులు 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆయన పద్ధతిని అనుకరించే మరో గాయకుడి గొంతులోకి హైస్పీడ్ కెమెరా పంపి చూస్తే, కింది తంతువులు మూడుసార్లు కదిలేలోపు పై మడతలు ఒకసారి కదులుతున్నాయని తేలింది. అంటే జీరకు కూడా ఒక లయ ఉంది. బలంతో రుద్దితే వచ్చేది కాదు అది.

ఇప్పుడు అసలు పని. మధ్యస్థాయిలో, అంటే మామూలుగా మాట్లాడే ఎత్తుకు కాస్త పైన, "ఆ" పట్టండి. రెండు సెకన్లు శుభ్రంగా. మధ్యలో రెప్పపాటు ఆ రాక్షసుడి గరగర కలపండి. అదే ఊపిరిలో మళ్లీ శుభ్రమైన "ఆ"కు రండి. శుద్ధం, జీర, శుద్ధం. ఈ మూడూ ఒకే ఊపిరిలో, ఒకే శ్రుతిలో, ఒకే చప్పుడుతో ఉండాలి. జీర దగ్గర చప్పుడు పెరిగిందంటే మీరు తోస్తున్నారు. రెండో "ఆ"లో గాలి ఎక్కువైనా, శ్రుతి దిగినా తోస్తున్నారనే అర్థం. ఫోన్‌లో రికార్డు చేసి వినండి. పాడుతున్నప్పుడు మన చెవి మనల్ని మోసం చేస్తుంది.

పై స్థాయికి వెంటనే ఎక్కకండి. ఎత్తైన స్వరం 440 హెర్ట్జ్ దగ్గర తంతువులు సెకనుకు 440 సార్లు తగులుకుంటాయి. ఆ వేగంలో బిగింపు కలిస్తే వాపు వస్తుంది. ఒకే స్వరం మీద కనీసం రెండు వారాలు ఉండి, తర్వాత ఒక్కో మెట్టు పెంచండి. రోజుకు ఐదు నిమిషాలే జీర సాధన. మిగతా సమయమంతా శుద్ధ స్వరమే.

గొంతులో దురద, దగ్గు, మంట, వీటిలో ఏది మొదలైనా ఆ రోజుకు ఆపేయాలి. "అలవాటైతే గొంతు కాయకాస్తుంది, తర్వాత నొప్పి ఉండదు" అని సలహా ఇచ్చేవాళ్లు మన ఊళ్లో చాలామంది ఉన్నారు. కాయలు కాసిన గొంతు పాడదు. డాక్టర్లు నోడ్యూల్స్ అనేది వాటినే. మెటాలికా గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ అంతటివాడికే 1990ల మొదట్లో గొంతు దెబ్బతింది. అప్పుడు గురువు దగ్గరకు వెళ్లి వార్మప్ నేర్చుకున్నాడు. గొంతు గట్టిపడుతుందని మరింత అరవలేదు.

మర్నాడు పొద్దున ఒక పరీక్ష. జోలపాటంత మెత్తగా, పైస్థాయిలో "ఊ" పట్టండి. గట్టిగా పాడితే వాపు దాక్కుంటుంది, మెత్తగా పాడితే బయటపడుతుంది. ఆ "ఊ" తెగిపోతున్నా, ఆలస్యంగా మొదలవుతున్నా ఆ రోజు జీర లేదు. అలాంటప్పుడు గుసగుసగా మాట్లాడకండి, అది కూడా శ్రమే. నెమ్మదిగా మామూలు గొంతుతో మాట్లాడండి. పదేపదే గొంతు సవరించుకోకండి. బొంగురు రెండు మూడు వారాలైనా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిందే. మిరియాల పాలతో కాలక్షేపం చేయకండి.

ఇంకో మాట, మనవాళ్లకు ప్రత్యేకంగా. రాత్రి పదిన్నరకు గోంగూర పచ్చడి, గుంటూరు కారంతో వేపుడు తిని వెంటనే పడుకుంటే కడుపులో ఆమ్లం పైకి తన్ని నేరుగా తంతువుల మీద పడుతుంది. పొద్దున్నే గొంతు బరువుగా ఉండటానికి సాధన కన్నా ఇదే కారణమైన సందర్భాలు ఎన్నో. కారం మానమనడం లేదు, నిద్రకు మూడు గంటల ముందు తినండి. నీళ్లు పాడేముందు గటగటా తాగితే లాభం లేదు. మింగిన నీరు తంతువులను తాకదు, ఒంటికి పట్టాకే వాటికి తడి అందుతుంది. మే నెల బెజవాడ ఎండల్లో అయితే ముందురోజు నుంచే తాగుతూ ఉండాలి.

ఐదో మెట్టు: మైకు

సరిగ్గా పలికిన జీర పక్కగదిలోకి కూడా గట్టిగా వినపడదు. దాన్ని పెద్దది చేసేది మైకే. పెదవులకు రెండు వేళ్ల దూరంలో పట్టుకోండి. మైకు తలను గుప్పిట్లో మూయకండి, మాట మసకబారుతుంది, స్పీకర్లు కూయడం మొదలుపెడతాయి.

స్టేజీ ఎక్కేముందు సౌండ్ ఆపరేటర్‌ని మానిటర్‌లో, అంటే పాడేవాళ్లకు వినపడేలా స్టేజీ మీద పెట్టే స్పీకర్‌లో, మీ గొంతు పెంచమని అడగండి. "గిటార్ తగ్గించి వాయిస్ ఇవ్వండన్నా" అని మొహమాటం లేకుండా చెప్పండి. సౌండ్ చెక్‌లో మీ శుద్ధ స్వరం మీకు వినపడకపోతే ఆ సాయంత్రం జీర ఉన్న పాటలు జాబితాలోంచి తీసేసి, మామూలు గొంతుతో పాడగలిగేవే పాడండి.