మినుము విత్తనానికి రైజోబియం పట్టించడం ఎలా?

నెల రోజుల మినుము మొక్కను పారతో మట్టిగడ్డతో సహా తవ్వి, వేళ్లను బకెట్ నీళ్లలో నానబెట్టి మెల్లగా కడగండి. ఆవగింజంత, అక్కడక్కడ మిరియమంత బొడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల లేత ఎరుపు ఉండాలి. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టమైన లెగ్‌హిమోగ్లోబిన్ ఇచ్చే రంగు అది. ఆ ఎరుపు ఉందంటే గాలిలోని నత్రజని మొక్కకు అందుతున్నట్టే. ఆ బొడిపెల్లో ఉండి ఈ పని చేసేది రైజోబియం అనే బ్యాక్టీరియా. దాన్ని విత్తనానికే పట్టించాలి కాబట్టి దీనికి పునాది విత్తే రోజే పడుతుంది.

ముందు మట్టిలో ఏం జరుగుతుందో తెలిస్తే ఏ పని ఎందుకు చేస్తున్నామో అర్థమవుతుంది. నత్రజని చాలని వేరు ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలను మట్టిలోకి వదులుతుంది. అవి తగలగానే రైజోబియం బ్యాక్టీరియాలోని నాడ్-డి అనే ప్రొటీన్ మేల్కొని కొన్ని జన్యువులను పని చేయిస్తుంది. అప్పుడు బ్యాక్టీరియా తన జవాబు పంపుతుంది. దాని పేరు నాడ్ ఫ్యాక్టర్: చక్కెర ముక్కల గొలుసు, దానికో కొవ్వు తోక. దీని నిర్మాణం 1990లో తేలింది. లేశమాత్రం చాలు, వేరు మీది నూగు కొక్కెంలా వంగి బ్యాక్టీరియాను మడతలో పట్టేస్తుంది. అక్కడి నుంచి లోపలికి సన్నని దారి ఏర్పడుతుంది, వేరు కణాలు విభజన చెంది బొడిపె కడతాయి. (వేరుశనగలో ఇలా ఉండదు. పక్క వేళ్లు చీల్చుకుని వచ్చిన సందుల్లోంచి బ్యాక్టీరియా లోపలికి వెళ్తుంది.)

అన్ని పైర్ల పిలుపూ ఒకటి కాదు, అన్ని బ్యాక్టీరియాల జవాబూ ఒకటి కాదు. అందుకే శనగ కల్చర్ (ప్యాకెట్‌లో అమ్మే రైజోబియం పొడి) మినుముకు పనికిరాదు. ప్యాకెట్ మీద పైరు పేరు, గడువు తేదీ రెండూ చూసి కొనండి. ఎండ తగిలే అరలో పెట్టి అమ్ముతుంటే తీసుకోవద్దు. లోపల ఉన్నది ప్రాణమున్న సరుకు.

ఇక పట్టించడం. 100 మి.లీ. నీళ్లలో 10 గ్రాముల బెల్లం లేదా పంచదార వేసి 10 నిమిషాలు మరిగించి, పూర్తిగా చల్లార్చండి. చేత్తో తాకితే చల్లగా ఉండాలి. గోరువెచ్చగా ఉన్నా ఆగండి. ఎకరానికి సరిపడే 8 కిలోల విత్తనాన్ని పాలిథిన్ పట్టా మీద పోసి ఆ పాకం చల్లి, 200 గ్రాముల కల్చర్ వేసి, ప్రతి గింజకూ నల్లటి పొర అంటేలా కలపండి. గట్టిగా రుద్దితే గింజ పొట్టు ఊడుతుంది. నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తేయండి.

తెగులు మందు, పురుగు మందు కూడా పట్టించాలనుకుంటే అవి ముందు. అవి బాగా ఆరాకే, అన్నిటికంటే చివర రైజోబియం. ఈ వరుస తప్పితే మందు నేరుగా బ్యాక్టీరియా మీదే పడుతుంది.

ఇంత జాగ్రత్తగా చేసి కూడా చాలామంది యూరియా దగ్గర పొరపాటు చేస్తారు. పైరు కాస్త పాలిపోగానే టెన్షన్ పడి చల్లేస్తారు. మట్టిలో నత్రజని పుష్కలంగా దొరికితే మొక్కకు బ్యాక్టీరియాతో అవసరం ఉండదు. పిలవడం తగ్గిస్తుంది, బొడిపెలు కట్టడం తగ్గిస్తుంది. అసలే వేయొద్దని కాదు, బొడిపెలు పనిలోకి వచ్చేదాకా మొలకకు కొంత ఆసరా కావాలి. విత్తేటప్పుడు ఎకరానికి ఒక బస్తా డీఏపీ వేస్తే 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం వస్తాయి. భాస్వరం చాలా ముఖ్యం. ఒక్క నత్రజని అణువును అమ్మోనియాగా మార్చడానికే కనీసం 16 ఏటీపీలు (కణాల్లో శక్తిని మోసే అణువులు) ఖర్చవుతాయి, ఆ ఏటీపీలో ఉండేది భాస్వరమే.

నెల తిరిగాక నాలుగైదు చోట్ల మొక్కలు తవ్వి చూడండి. పీకితే బొడిపెలు మట్టిలోనే ఉండిపోతాయి. వేరుకు పక్కన అతుక్కుని, వేలితో నెడితే ఊడి వచ్చేది రైజోబియం బొడిపె. వేరు తానే ఉబ్బి, ఊడకుండా ఉంటే అది నులిపురుగుల పని. కోసి చూస్తే తెల్లగా, ఆకుపచ్చగా ఉన్నవి పని చేయనివి. ఎక్కడ ఎర్రవి ఎక్కువ ఉన్నాయో, ఎక్కడ అసలు లేవో పుస్తకంలో రాసుకోండి. ముందెప్పుడూ మినుము వేయని చెక్కలో కల్చర్ తేడా బాగా తెలుస్తుంది. వచ్చే ఏడు ప్యాకెట్ ముందుగా అక్కడికే తీసుకెళ్లండి.