తిరిగి మొదలుపెట్టే తేదీ ముందే రాసుకోండి

మా వంటింటి తలుపు వెనక తెలుగు క్యాలెండర్ ఉంటుంది. పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన రోజు, చిట్టీ కట్టాల్సిన తేదీ అన్నీ దాని మీదే. నాలుగేళ్ళుగా నా వ్యాయామం లెక్క కూడా దాని మీదే రాస్తున్నాను. 2021లో నా బరువు 81 కిలోలు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్షలో (HbA1c) 6.1 వచ్చింది. 5.7 దాటితే షుగర్‌కు ముందు మెట్టు మీద ఉన్నట్టే. ఇప్పుడు బరువు 67, షుగర్ 5.5. హనుమకొండలో సర్కారు బడిలో లెక్కలు చెబుతాను, వయసు 46.

అంతకుముందు రెండుసార్లు మానేశాను. మొదటిసారి జిమ్‌లో ఏడాది ఫీజు కట్టాను. మొదటి రోజే మోయలేనంత బరువు ఎత్తించారు, నడుము పట్టేసింది. 19 రోజులకే ఆగిపోయింది. రెండోసారి ఇంట్లోనే నాలుగు నెలలు చక్కగా చేశాను. ఇంతలో బతుకమ్మ వచ్చింది. తొమ్మిది రోజులు పోయాయి, ఆ వెంటనే దసరా. చేద్దాంలే అనుకుంటుండగానే దీపావళి, కార్తీకం, పెళ్ళిళ్ళు, సంక్రాంతి సకినాలు. ఫిబ్రవరిలో డంబెల్స్ మంచం కింద దుమ్ములో దొరికాయి. నన్ను ఆపింది ఆ తొమ్మిది రోజులు కాదని అప్పుడు తెలిసింది. పండుగ అయిపోయాక ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏం చేయాలో నేను ఎక్కడా రాసుకోలేదు.

అందుకే మీకు మొదట చెప్పేది ఇదే. కొత్త క్యాలెండర్ తగిలించిన రోజే ఎర్ర పెన్ను పట్టుకుని, మీరు చేయలేని రోజులన్నీ చుట్టేయండి. నావి ఇవి: సంక్రాంతి, పదో తరగతి పరీక్షల డ్యూటీ, ఆ తర్వాత స్పాట్ (జవాబు పత్రాలు దిద్దే డ్యూటీ), బతుకమ్మ, దసరా, దగ్గరివాళ్ళ పెళ్ళిళ్ళు. మేడారం జాతర ఉన్న ఏడాది ఆ వారం కూడా. అన్నీ కలిపితే 50 రోజుల దాకా వస్తాయి. 365లో 50 తీసేసినా 315 మిగులుతాయి. ఆ 50 రోజుల గురించి బాధపడకండి, పండుగను పండుగలా చేసుకోండి.

తర్వాత పచ్చ పెన్ను తీయండి. ప్రతి ఎర్ర చుట్టు అయిపోయిన చోట, తిరిగి మొదలుపెట్టే తేదీ వేయండి. తేదీ ఒక్కటే వేస్తే చాలదు, ఆ రోజు పనేమిటో కూడా రాయండి. నేను ఇలా రాస్తాను: ‘ఉదయం 5:20. స్క్వాట్స్ 10, గోడకు పుషప్‌లు 8, మూడు కిలోల డంబెల్స్‌తో రెండు రౌండ్లు. అంతే.’ ఆపేసేనాటికి చేస్తున్నదాంట్లో ఇది సగమే. సగమే ఎందుకంటే, విరామం తర్వాత ఒళ్ళు నొప్పులు మొదటి రోజు కాదు, రెండో రోజు, మూడో రోజు ముదురుతాయి. ఉత్సాహం కొద్దీ పూర్తిగా చేస్తే మెట్లు దిగడానికి గోడ పట్టుకోవాల్సి వస్తుంది, నాలుగో రోజు మనసే రాదు. పైగా రెండు మూడు వారాల విరామంతో బలం పెద్దగా తగ్గదు. అంతకన్నా ఎక్కువ ఆగినా, మొదటిసారి సంపాదించడానికి పట్టినంత కాలం రెండోసారి పట్టదు. కండ పాత పనిని త్వరగా గుర్తుపడుతుంది.

21 రోజుల్లో అలవాటైపోతుందనే మాట నమ్మి చాలామంది 22వ రోజున నిరాశపడతారు. లండన్‌లో 96 మందిని గమనించిన ఒక అధ్యయనంలో అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టిందని తేలింది. మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదని కూడా వాళ్ళు చూశారు.

మామూలు రోజుల సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. సోమ, గురువారాలు బరువులు. మిగతా ఐదు రోజులు భద్రకాళి చెరువు బండ్ మీద 35 నిమిషాలు వేగంగా నడక. వారానికి 150 నిమిషాల నడక, రెండు రోజులు కండకు పని అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్కకు ఇది సరిపోతుంది. మేలో ఆరు దాటితే ఎండ భరించలేం, ఐదింటికే బయల్దేరండి. బీపీ, మోకాళ్ళ నొప్పి ఉంటే ముందు డాక్టర్‌ను అడగండి.

ఎక్కువమంది మనసు విరిగేది తూకం దగ్గర. ఉప్పు ఎక్కువైనా, నెలసరి దగ్గర పడినా కిలో రెండు కిలోలు అటూ ఇటూ అవుతుంది, అది నీరు. నాకైతే 2022లో జూలై నుంచి నవంబర్ దాకా ముల్లు కదల్లేదు. ఆ ఐదు నెలలూ నన్ను నిలబెట్టింది ఒక నీలం బ్లౌజు. టైలర్ బ్లౌజు పక్కల్లో గుడ్డ వదిలి మూడు వరుసల కుట్లు వేస్తుంది కదా, లావైన కొద్దీ లోపలి కుట్టు విప్పుకుంటూ పోతాం. 2021లో ఆ బ్లౌజుకు చివరి కుట్టు ఒక్కటే మిగిలింది, అదీ పిగిలేలా ఉంది. విప్పిన కుట్ల చోట సూది రంధ్రాలు వరుసగా కనిపించేవి. బరువు కదలని ఆ నవంబర్‌లో వేసుకుంటే చంకల కింద వదులుగా వేలాడింది. టైలర్ పాత రంధ్రాల మీదుగానే రెండో కుట్టు మళ్ళీ వేసింది. కొవ్వు తగ్గి కండ పెరిగితే తూకం అలాగే ఉంటుంది, కొలత తగ్గుతుంది. నెలకోసారి, ఒకే తేదీన, బొడ్డు దగ్గర టేపుతో కొలుచుకోండి. మన దేశపు ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకు 90 దాటకుండా ఉండాలి.

తిండిలో అన్నం మానకండి, గరిటెడు తగ్గించి పప్పు పెంచండి. కిలో బరువుకు కనీసం 0.8 గ్రాముల ప్రోటీన్ కావాలి. బరువులు ఎత్తేవాళ్ళకు ఇంకొంచెం. రెండు గుడ్లతో 12 గ్రాములు, 50 గ్రాముల మీల్‌మేకర్‌తో సుమారు 25, 50 గ్రాముల కందిపప్పుతో 11. మిగతాది పెరుగు, జొన్నరొట్టె, అన్నం నుంచి వస్తుంది. కూర బాగుంటేనే ఇది ఏళ్ళ తరబడి సాగుతుంది, కాబట్టి తాలింపు మానేయమని నేను చెప్పను.

ఇంకొకటి, పచ్చ తేదీ ఇంట్లో అందరికీ కనిపించే చోటే ఉండాలి. పోయినేడు దసరా మర్నాడు బడికి సెలవే. బతుకమ్మ ఆడిన కాళ్ళు ఇంకా లాగుతున్నాయి, కిటికీలో జమ్మి ఆకులు వాడిపోతున్నాయి. దుప్పటి తీయాలనిపించలేదు. అత్తమ్మ నీళ్ళ చెంబుతో వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

“ఇయ్యాల పచ్చగ రాసుకున్నవ్ కదనే, లేవవా?”

“లేస్తున్న అత్తమ్మా” అని, మంచం కింద డంబెల్స్ కోసం చెయ్యి చాపాను.