చాక్లెట్ మానక్కర్లేదు, తినే పద్ధతి మార్చుకుంటే పళ్ళు నిలుస్తాయి

చాక్లెట్ తింటే పళ్ళు పుచ్చిపోతాయని పిల్లల్ని భయపెట్టడం అన్ని ఇళ్ళలోనూ ఉన్నదే. ఆ మాటలో నిజం ఉంది కానీ పూర్తిగా లేదు, ఆ మిగతాది తెలియకపోవడం వల్లే చాలామంది చాక్లెట్ మానేసి బిస్కెట్లూ టాఫీలూ తింటూ పళ్ళు పాడుచేసుకుంటున్నారు. చాక్లెట్ ఇష్టమైనవాళ్ళు దాన్ని వదులుకోకుండానే పళ్ళు ఎలా కాపాడుకోవచ్చో చెప్తాను.

ముందు నోట్లో ఏం జరుగుతుందో చూద్దాం. పంటి మీద, ముఖ్యంగా చిగురు అంచున, రెండు పళ్ళ సందులో పాచి పేరుకుంటుంది, అందులో స్ట్రెప్టోకోకస్ మ్యూటాన్స్ లాంటి బ్యాక్టీరియా ఉంటాయి. మనం చక్కెర ఉన్నది ఏది తిన్నా అవి కూడా తింటాయి, తిని యాసిడ్ వదులుతాయి, కొద్ది నిమిషాల్లోనే పాచిలో పీహెచ్ (యాసిడ్ పెరిగేకొద్దీ తగ్గే కొలత) సుమారు 5.5 కంటే కిందికి పడిపోతుంది, అక్కడి నుంచి పంటి పైనుండే గట్టి పొర, అంటే ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరగడం మొదలవుతుంది. తర్వాత ఉమ్మి పనిలోకి దిగి యాసిడ్‌ని తగ్గించి, పోయిన ఖనిజాల్ని కొంత వెనక్కి తెస్తుంది, కాకపోతే దానికి అరగంట నుంచి గంట దాకా పడుతుంది. అంతా ఆ గంటలోనే ఉంది. ఆ గంట దొరికితే పన్ను కోలుకుంటుంది, దొరక్కపోతే రోజురోజుకీ కొంచెం కొంచెం కరుగుతుంది.

ఇప్పుడు ఎనిమిది ముక్కల చాక్లెట్ బార్ ఒకటి తీసుకోండి. మధ్యాహ్నం భోజనం అవ్వగానే ఎనిమిదీ తినేస్తే పళ్ళ మీద యాసిడ్ దాడి ఒక్కసారే. అదే బార్‌ని టేబుల్ మీద పెట్టుకుని పని చేసుకుంటూ గంటకో ముక్క నోట్లో వేసుకుంటే ఎనిమిది దాడులు, ఉమ్మికి ఊపిరి తిప్పుకునే టైమే ఉండదు. చక్కెర మాత్రం రెండుసార్లూ ఒకటే! అందుకే ఎంత తిన్నారనేదాని కంటే రోజులో ఎన్నిసార్లు తిన్నారు, అది నోట్లో ఎంతసేపు ఉంది అన్నవే ఎక్కువ ముఖ్యం. ఇది 1940ల్లో స్వీడన్‌లోని విపెహోల్మ్ ఆసుపత్రిలో, బుద్ధిమాంద్యం ఉన్న రోగుల మీద మొదలుపెట్టిన ప్రయోగంలో తేలిన విషయం: భోజనంతో పాటు తీసుకున్న చక్కెర కంటే, భోజనాల మధ్యలో తిన్న జిగురు టాఫీలు పళ్ళని చాలా ఎక్కువగా పాడుచేశాయి. కాదని చెప్పే శక్తి లేని రోగుల మీద ఆ ప్రయోగం చేయడం ఘోరమైన తప్పు, దాన్ని మర్చిపోకూడదు.

కాబట్టి మొదటి పని, చాక్లెట్‌కి ఒక వేళ పెట్టుకోండి. భోజనం అయిన వెంటనే అయితే మంచిది, అప్పటికే ఉమ్మి బాగా ఊరుతుంటుంది. తిన్నాక మంచినీళ్ళు పుక్కిలించి మింగేయండి. పడుకునే ముందు మాత్రం వద్దు, నిద్రలో ఉమ్మి బాగా తగ్గిపోతుంది, పళ్ళ సందుల్లో ఇరుక్కున్నది తెల్లారేదాకా అక్కడే ఉంటుంది. పిల్లలు ఏడుస్తుంటే ఊరుకోబెట్టడానికి అప్పుడో ముక్క ఇప్పుడో ముక్క ఇచ్చే అలవాటు అన్నిటికన్నా చెడ్డది, దాని బదులు ఒకేసారి ఇచ్చేయండి.

ఏ చాక్లెట్ అన్నది కూడా లెక్కే. మామూలు చాక్లెట్‌కి ఉన్న మంచి గుణం ఏంటంటే అందులోని కోకో బటర్, అంటే కోకో గింజల కొవ్వు, మన ఒంటి వేడికే కరిగిపోతుంది, అందుకని టాఫీలా పంటికి పట్టుకుని కూర్చోదు. కారమెల్, నూగట్, ఎండుద్రాక్ష, వేఫర్ కలిస్తే ఆ లాభం పోయినట్టే, దవడ పళ్ళ గుంటల్లో అతుక్కుపోతాయి. కప్పులో హాట్ చాక్లెట్ పోసుకుని గంటసేపు చప్పరించడం కూడా అంతే. ఇక డార్క్ చాక్లెట్ సంగతి. 100 గ్రాముల మిల్క్ చాక్లెట్‌లో దాదాపు సగం చక్కెరే ఉంటుంది, 70 శాతం కోకో ఉన్న డార్క్‌లో 30 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. అంటే 30 గ్రాముల ముక్కకి ఒకదాంట్లో 15 గ్రాములు, ఇంకోదాంట్లో 9. పెద్దవాళ్ళు రోజుకి 2000 కేలరీలు తింటారనుకుంటే బయటినుంచి కలిపిన చక్కెర 50 గ్రాములు దాటకూడదనీ, 25 లోపు ఉంటే ఇంకా మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది, ఆ లెక్కన తేడా చిన్నదేం కాదు. కోకోలోని పాలీఫినాల్స్ బ్యాక్టీరియాని అడ్డుకుంటాయని, థియోబ్రోమిన్ ఎనామిల్‌ని గట్టిపరుస్తుందని ల్యాబ్‌లో కొన్ని ఫలితాలు వచ్చిన మాట నిజమే, అంతమాత్రాన డార్క్ చాక్లెట్ పళ్ళకి మందు అని ప్రచారం చేసేవాళ్ళని నమ్మొద్దు, అందులోనూ చక్కెర ఉంది.

కొనేముందు రేపర్ తిప్పి చూడండి. పదార్థాల పట్టీలో ఎక్కువ బరువున్నది ముందు రాస్తారు, మొదటి పేరే చక్కెర అయితే మీరు కొంటున్నది ముఖ్యంగా చక్కెరే. గ్లూకోజ్ సిరప్, డెక్స్‌ట్రోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్, తేనె, ఇవన్నీ బ్యాక్టీరియాకి ఆహారమే. షుగర్ ఫ్రీ వాటిలో సాధారణంగా చక్కెర బదులు మాల్టిటాల్ లాంటి తీపి పదార్థాలు వాడతారు, వాటితో యాసిడ్ పెద్దగా తయారవ్వదు, కానీ ఎక్కువ తింటే కడుపు పాడవుతుంది.

తిన్న వెంటనే బ్రష్ పట్టుకోకండి. ఎనామిల్ పైపొర అప్పుడు మెత్తబడి ఉంటుంది, అరగంటైనా ఆగండి. ఈలోపు చక్కెర లేని చూయింగ్ గమ్ ఓ 20 నిమిషాలు నమిలితే ఉమ్మి ఊరుతుంది, చిన్నపిల్లలకి మాత్రం గమ్ ఇవ్వొద్దు. బ్రష్ చేయడం రోజుకి రెండుసార్లు, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో, రాత్రిది తప్పనిసరి. అయ్యాక ఉమ్మేసి వదిలేయండి, నీళ్ళతో బాగా పుక్కిలిస్తే ఆ ఫ్లోరైడ్ అంతా సింక్‌లోకి పోతుంది. మూడేళ్ళ లోపు పిల్లలకి బియ్యపు గింజంత పేస్టు, మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళకి బఠాణీ గింజంత చాలు. సందుల్లోకి బ్రష్ చేరదు, అక్కడ ఫ్లాస్ (పళ్ళ సందులు శుభ్రం చేసే సన్నటి దారం) వాడాల్సిందే.

పిల్లలున్నవాళ్ళు అప్పుడప్పుడూ ఈ పని చేయండి, ప్లీజ్. వెలుతురులో కూర్చోబెట్టి పై పెదవి ఎత్తి ముందు పళ్ళు చూడండి. చిగురుని ఆనుకుని సుద్దముక్కతో గీసినట్టు మెరుపులేని తెల్లటి గీత కనిపిస్తే అక్కడ ఎనామిల్ కరగడం మొదలైందని అనుమానించాలి. గుంట పడలేదు కాబట్టి ఫ్లోరైడ్‌తో, తీపి తగ్గించడంతో దాన్ని ఆపొచ్చు, చాలావరకు వెనక్కి కూడా తిప్పొచ్చు. గోధుమ రంగుకి తిరిగి గుంట పడిందంటే అది తనంతట తాను పూడదు, ఫిల్లింగ్ చేయించాల్సిందే. పాలపళ్ళే కదా ఊడిపోతాయిలే అని వదిలేయకండి, నొప్పికి పిల్లలు తిండి మానేస్తారు, పన్ను ముందే పోతే కింది నుంచి వచ్చే పన్నుకి చోటు తప్పుతుంది.

పెద్దవాళ్ళకి చాక్లెట్ తగలగానే ఒక పన్ను జివ్వుమంటుంటే, రెండో వైపు నమిలి సర్దుకుపోకండి. పుచ్చు కావచ్చు, చిగురు జారి పంటి వేరు బయటపడి ఉండొచ్చు, పాత ఫిల్లింగ్ లీకవుతుండొచ్చు. రెండు పళ్ళ మధ్యలో పుచ్చు అద్దంలో కనబడదు, ఎక్స్‌రే కావాలి. డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళినప్పుడు రోజుకి ఎన్నిసార్లు తీపి తింటున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి, పళ్ళ మీద ఫ్లోరైడ్ పూత (వార్నిష్) వేయాలా, మళ్ళీ ఎన్నాళ్ళకి రావాలి అనేది వాళ్ళు దాన్నిబట్టి కూడా నిర్ణయిస్తారు.