బొగ్గుల మీద మటన్ మెత్తగా రావాలంటే

ఇంట్లో బొగ్గుల మీద మటన్ కాలిస్తే రబ్బరులా సాగుతోందని చాలామంది మసాలాలు మారుస్తుంటారు, కానీ తప్పు అక్కడ ఉండదండీ, ముక్క కోసే దగ్గర, నానబెట్టే టైమ్ దగ్గర ఉంటుంది.

మటన్ కొట్లో లేత మేక తొడ మాంసం ఎముక లేకుండా కిలో తీస్కోండి, హైదరాబాద్‌లో అయితే బోటీ కబాబ్‌కి అంటే చాలు (అక్కడ ఉర్దూలో బోటీ అంటే ముక్క, మన తెలుగు ఇళ్లలో బోటి అంటే పేగులు, కాబట్టి ఏ కొట్లో అడుగుతున్నారో చూస్కుని అడగండి). కొవ్వు కొంచెం ఉంచమనండి, కండ మీద తెల్లగా మెరిసే పొర మాత్రం తీయించేయండి, అది ఎంత కాల్చినా నమలబుద్ధి కాదు. ఇంటికొచ్చాక కండలో పోగులు ఎటు పోతున్నాయో చూసి వాటికి అడ్డంగా అంగుళం ముక్కలు కోయాలి, పోగు పొట్టిగా తెగితే పంటికి సగం పని తగ్గినట్టే.

ఇప్పుడు అసలు సంగతి, పచ్చి బొప్పాయి. చెక్కు తీయకుండా రుబ్బాలి, ఎందుకంటే కాయ గీస్తే కారే ఆ పాలలోనే పపైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, మాంసంలో ప్రొటీన్‌ని విడగొట్టేది అదే, పండిన బొప్పాయిలో అది పెద్దగా మిగలదు. కిలోకి రెండు టేబుల్ స్పూన్లు, దాంతోపాటు ఉప్పు, అల్లంవెల్లుల్లి, కారం, వేయించిన జీలకర్ర పొడి, గరం మసాలా, నీళ్లు వడకట్టిన గట్టి పెరుగు, రెండు స్పూన్ల నూనె. ఫ్రిజ్‌లో మూడు గంటలు, అంతే. నేనోసారి ఇంకా మెత్తగా వస్తుందని రాత్రంతా ఉంచేశా, పొద్దున చూస్తే ముక్క పైనంతా పిండిలా అయిపోయి సీకుకి నిలవక బొగ్గుల్లో పడిపోయింది, అంత మంచి మాంసం పోయిందని ఇప్పటికీ బాధే. రాత్రే కలిపి పెట్టుకోవాలంటే బొప్పాయి మానేసి పెరుగు ఒక్కటే వేయండి.

కాల్చడం డాబా మీదో పెరట్లోనో పెట్టుకోండి, తలుపులేసిన గదిలో మాత్రం బొగ్గులు అస్సలు వద్దు, కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాకుండా ప్రాణం తీస్తుంది. మంట పూర్తిగా పోయి బొగ్గుల మీద తెల్ల బూడిద పట్టేదాకా ఆగండి, ఆ ఓపిక లేకే పైన మాడి లోపల పచ్చిగా ఉండేది. జానెడు ఎత్తులో చెయ్యి పెడితే మూడు నాలుగు సెకన్లకే తీసేయాలనిపిస్తే సెగ సరిపోయినట్టు. సీకుకి ముక్కలు మరీ ఇరికించకుండా గుచ్చి, తిప్పుతూ, మధ్యమధ్యలో నెయ్యి రాస్తూ పది పన్నెండు నిమిషాలు కాల్చండి, కొవ్వు కారి మంట లేస్తే సీకు పైకెత్తి అది తగ్గాక మళ్లీ పెట్టండి.

దించాక మూతపెట్టి అయిదు నిమిషాలు వదిలేస్తే రసం ముక్కలోనే ఉంటుంది, నిమ్మకాయ అప్పుడు పిండుకోండి. చల్లారనివ్వద్దు, మటన్ కొవ్వు గడ్డకడితే అదే ముక్క మళ్లీ గట్టిగా అనిపిస్తుంది, అందుకే మొదటి విడత అందరూ తిన్నాకే రెండో విడత సీకులు ఎక్కించండి.