ఆ ‘కానీ’ని మింగేశాను

అమ్మ ఆరోగ్యం మాట వస్తే చాలు, అక్కకూ నాకూ ఫోనులోనే గొడవ. "అంతా నా మీదే వదిలేశావు" అని తను అనగానే నేను చేసినవన్నీ ఏకరువు పెట్టేవాడిని. లెక్క సరైనదే, వినే స్థితిలో ఆమె లేదు.

మొన్న అదే మాట వచ్చినప్పుడు, "రాత్రుళ్లు నిద్ర కూడా లేదు కదక్కా, బాగా అలసిపోయావు" అన్నాను. వెంటనే "కానీ నేను కూడా..." అనబోయి ఆ ‘కానీ’ని మింగేశాను. అసలు కష్టమంతా అక్కడే. ఆ ఒక్క ముక్కతో ముందన్న ఓదార్పు కొట్టుకుపోతుంది.

అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత గొంతు తగ్గించి, "మూడు రోజులైంది సరిగా పడుకుని" అంది. నేనేం చేస్తే తేలికవుతుందని అడిగాను. శని, ఆదివారాలు నా వంతుకు వచ్చాయి. తప్పు నాదేనని నేను ఒప్పుకోలేదు, ఆమె అడగనూ లేదు.